పాత సిట్‌కామ్ మీద వాదనకు ముందు: చేతిలో ఉన్నది ఏ ప్రింటు?

అమెరికన్ సిట్‌కామ్ (టీవీ హాస్య ధారావాహిక) 'ఐ లవ్ లూసీ' అనగానే చాలామందికి కళ్ళ ముందు మెదిలేది పట్టుగుడ్డ మీద గుండె ఆకారం, దాని మీద చేతిరాతలో పేరు. 1951 అక్టోబరు 15న అమెరికా టీవీ నెట్‌వర్క్ సీబీఎస్‌లో మొదటి ఎపిసోడ్ చూసినవాళ్ళకు ఆ గుండె కనిపించనే లేదు. వాళ్ళు చూసింది గీతల బొమ్మలుగా గీసిన లూసీ, రికీ, వాళ్ళతో పాటు స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ వారి సిగరెట్ పెట్టె. గుండె బొమ్మ 1959లో, పగటిపూట పునఃప్రసారాల కోసం తయారైంది. ఆ సిరీస్‌కు ఆనవాలుగా స్థిరపడిపోయిన దృశ్యం అసలు ప్రసారానిది కాదు, రీరన్‌ది.

పాత అమెరికన్ కుటుంబ సిట్‌కామ్‌లను మళ్ళీ చూసి, వాటి మీద వాదించుకునేవాళ్ళు తరచు పప్పులో కాలేసేది ఇక్కడే. తెర మీద ఉన్నదే అప్పట్లో ప్రసారమైందని అనుకుంటారు. సాధారణంగా అది నిజం కాదు. నిడివి, వేగం, ఫ్రేమ్, పాటలు, ఎపిసోడ్ల వరస వంటి వాటిలో ఏదో ఒకటి మారి ఉంటుంది. "సాగదీశారు", "ఆ జోకు పేలలేదు", "నవ్వులు అతికించినట్టున్నాయి", "ముగింపు హఠాత్తుగా వచ్చింది" అనే ఫిర్యాదులు ఎప్పుడూ వినిపించేవే. వీటిలో ఏదైనా రచయితల లోపం కావచ్చు, లేదా దశాబ్దాల తరవాత ప్రింటుకు జరిగిన గాయం కావచ్చు. గాయం కాదని తేలాకే రచయితలను బోనెక్కించడం న్యాయం.

ఇవి అసలు ఎలా మిగిలాయి

1950ల మొదట్లో అమెరికాలో టీవీ కార్యక్రమాలు చాలావరకు న్యూయార్క్ నుంచి లైవ్‌గా వచ్చేవి. పశ్చిమ తీరానికి కినిస్కోప్ వెళ్ళేది. కినిస్కోప్ అంటే మానిటర్ ఎదుట ఫిల్మ్ కెమెరా పెట్టి తీసిన నకలు. మసకగా, అంచులు కరిగిపోయినట్టు ఉంటుంది. లూసీ, రికీలుగా నటించిన లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ దంపతులు లాస్ ఏంజెలెస్ విడిచి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. అక్కడే, ప్రేక్షకుల ఎదుట, 35 ఎంఎం ఫిల్మ్ మీద ఒకేసారి అనేక కెమెరాలతో తీస్తామన్నారు. ఖర్చు పెరుగుతుంది కాబట్టి వారానికి 1,000 డాలర్ల జీతం తగ్గించుకున్నారు. బదులుగా ఎపిసోడ్ల యాజమాన్యం తమ డెసిలూ సంస్థకే ఉండాలన్నారు. ఒకసారి ప్రసారమయ్యాక ఎపిసోడ్‌కు విలువేముంటుందని అనుకునే రోజులు కాబట్టి ఆ షరతు ఎవరికీ బరువనిపించలేదు. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ ఏ కెమెరా కోణం నుంచి చూసినా సరిపోయేలా సెట్టంతా పైనుంచి సమంగా వెలుతురు పరిచాడు. నీడలు లేని ఆ సిట్‌కామ్ వెలుగు తరవాత ఎన్నో దశాబ్దాలు కొనసాగింది. దాన్ని "చవక లైటింగ్" అని తీసిపారేసేవాళ్ళు ఇది గమనించాలి. ముగ్గురు నటుల ముఖకవళికలను ఒకే క్షణంలో మూడు కెమెరాలు పట్టాలంటే దీపాలను ఒక్కరికోసం పెట్టడం కుదరదు.

ఫిల్మ్ మీద లేనివాటి గతి వేరు. 'ది హనీమూనర్స్' 1955–56లో 39 ఎపిసోడ్లు ఎలక్ట్రానికామ్ అనే పద్ధతిలో ఫిల్మ్‌కెక్కాయి. రీరన్‌లలో తిరిగింది అవే. అందులోని భార్యాభర్తలే కనిపించిన లైవ్ స్కెచ్‌లు కినిస్కోప్‌లుగా ప్రధాన నటుడు జాకీ గ్లీసన్ దగ్గర ఉండిపోయి, 1980ల నడుమ "పోయిన ఎపిసోడ్లు" పేరుతో బయటికి వచ్చాయి. ఒకదానిలో బొమ్మ నిగనిగలాడుతూ, ఇంకోదానిలో పొగమంచు పట్టినట్టు ఉందంటే నిర్మాణ విలువలు పడిపోయాయని కాదు. అవి రెండు వేర్వేరు తీరుల్లో బతికి బట్టకట్టిన సరుకు.

మళ్ళీ మళ్ళీ చూడటం ఒక వ్యాపారంగా నిలబడటానికి వెనక చిన్న లెక్క ఉంది. స్థానిక స్టేషన్లు పాత సిరీస్‌ను వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చొప్పున వేస్తాయి. 100 ఎపిసోడ్లుంటే 20 వారాలు నడుస్తుంది, మళ్ళీ మొదటికి వచ్చేసరికి ప్రేక్షకుడు కొంత మరిచిపోయి ఉంటాడు. నిర్మాతలు 100 అంకె కోసం అంతగా తాపత్రయపడింది అందుకే. 'ది బ్రేడీ బంచ్' 1969 నుంచి 1974 వరకు నడిచిన 117 ఎపిసోడ్ల సిరీస్. అసలు ప్రసారంలో ఏ సీజన్‌లోనూ రేటింగ్ పట్టికలో మొదటి 30లోకి రాలేదు. బడి నుంచి ఇంటికొచ్చిన పిల్లలు సాయంత్రం రీరన్‌లలో చూసి చూసి దాన్ని ఇంటి సభ్యుడిని చేసుకున్నారు. "ఒక తరమంతా దీన్ని చూస్తూ పెరిగింది" అనే వాక్యం నిజమే. పెరిగింది మాత్రం కోత పడిన రీరన్ ప్రింట్లతో.

కోత ఎక్కడ పడుతుంది

అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా మిగిలే కార్యక్రమం 1950లలో ఇంచుమించు 25–26 నిమిషాలు. 1980లకు 24 దరిదాపుల్లోకి, 1990లకు 22–23కి దిగింది. పాత ఎపిసోడ్‌ను కొత్త కాలపు స్లాట్‌లో ఇరికించాలంటే రెండు మూడు నిమిషాలు తీసేయక తప్పదు. ఎపిసోడ్‌కు 3 నిమిషాలే అనుకున్నా, 180 ఎపిసోడ్ల 'ఐ లవ్ లూసీ' మొత్తం మీద అది 9 గంటలు.

కోతకు ముందు బలయ్యేది ట్యాగ్. ఆఖరి ప్రకటనల తరవాత వచ్చే అరనిమిషం, నిమిషం ముక్క అది. కథ అప్పటికే ముగిసి ఉంటుంది కాబట్టి ఎడిటర్‌కు తీసేయడం సులువు. నిజానికి సిట్‌కామ్‌లో కథ ముగియడం వేరు, హాస్యం ముగియడం వేరు. మొదటి అంకంలో నాటిన చిన్న మాటకు ఫలితం ట్యాగ్‌లోనే దక్కుతుంది. అది లేకపోతే తండ్రి నీతి చెప్పి, కూతుర్ని దగ్గరికి తీసుకోవడంతో ఎపిసోడ్ ఆగిపోతుంది. ఆ కౌగిలింత మీద ఓ చురక వేయడానికే ట్యాగ్ రాసి ఉంటారు. తోక తెగిన ప్రింట్లు చూసి "అప్పటి సిట్‌కామ్‌లన్నీ ఉపదేశాలే" అనేవాళ్ళ అభిప్రాయంలో సగం ఎడిటర్ కత్తెర పుణ్యమే.

తరవాత వేటు ఉపకథ మొదలు మీద పడుతుంది. పెద్ద కొడుకు పరీక్ష గొడవ ప్రధాన కథ, చిన్నవాడు పక్కింటి కుక్కను గ్యారేజీలో దాచడం ఉపకథ అనుకుంటే, కుక్క వచ్చిన మొదటి సన్నివేశం ఎగిరిపోయి గ్యారేజీలోంచి మొరుగుడు మాత్రం మిగులుతుంది. స్టూడియోలో పగలబడి నవ్వుతుంటారు, ఇంట్లో చూసేవాడు తెల్లమొహం వేస్తాడు. జోకు పాతబడిందనుకుంటాం, దాని పునాదిని పీకేశారని తోచదు.

కోత పడిందో లేదో కనిపెట్టడానికి గడియారం చాలదు. నిడివిలో టైటిళ్ళు, ఆఖరి పేర్ల పట్టీ కలిసి ఉంటాయి కాబట్టి ముందు వాటిని తీసేసి లెక్కపెట్టాలి. తరవాత చెవికి పని చెప్పాలి. నవ్వు సహజంగా తగ్గుముఖం పట్టకుండా తటాలున తెగిందంటే అక్కడ కత్తెర పడింది. సన్నివేశాలను కలిపే సంగీతపు తునక సగంలో ఆగినా అంతే. ఒక పాత్ర ఇందాకటి సంగతిని ప్రస్తావించి, ఆ సంగతి ఎక్కడా లేకపోతే అనుమానం బలపడుతుంది. సబ్‌టైటిళ్ళు కూడా ఒక్కోసారి సాక్ష్యం చెబుతాయి. అవి పూర్తి నిడివి ప్రతికి తయారై, కోసిన ప్రతికి అతికినప్పుడు, ఎవరూ పలకని మాట తెర అడుగున క్షణకాలం మెరిసి మాయమవుతుంది.

గంట నిడివి ప్రత్యేక ఎపిసోడ్లది మరో బాధ. రీరన్ కోసం వాటిని రెండు అరగంటలుగా చీలుస్తారు. రెండో ముక్క ముందు "గతంలో జరిగింది" చేర్చాలి, అందుకు చోటు కావాలి, ఆ చోటు కోసం మళ్ళీ కోత. ఏకబిగిన పెరగాల్సిన ఉద్విగ్నత మధ్యలో టైటిల్ పాట వచ్చి కూర్చుంటుంది.

వేగం, ఫ్రేమ్

కొందరు కోయరు, తోలుతారు. 22 నిమిషాల ఎపిసోడ్‌ను 7 శాతం వేగం పెంచి నడిపితే దాదాపు నిమిషం 25 సెకన్లు మిగులుతుంది, రెండు మూడు ప్రకటనలకు చోటు. గొంతు కీచుమనకుండా స్థాయిని సరిచేసే పరికరాలు ఉన్నాయి కాబట్టి చెవి వెంటనే పట్టుకోదు. కానీ సిట్‌కామ్ నటన అంతా విరామాల మీద నిలబడి ఉంటుంది. భార్య ప్రశ్నకూ భర్త జవాబుకూ మధ్య ఉన్న మౌనమే హాస్యమైనప్పుడు, ఆ మౌనంలో 7 శాతం కొట్టేయడం పప్పులో ఉప్పు తీసేయడం లాంటిది.

యూరప్, ఆస్ట్రేలియా మార్కెట్ల కోసం వచ్చిన పాత డీవీడీలలో ఇంకో రకం తొందర ఉంది. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మ్‌ను పాల్ (PAL) అనే అక్కడి టీవీ పద్ధతిలో 25కు నడిపేస్తారు. 4 శాతం పైచిలుకు వేగం పెరిగి, 24 నిమిషాల ఎపిసోడ్ సుమారు 23 నిమిషాల 2 సెకన్లకు వస్తుంది. సరిచేయకపోతే గొంతులు ముప్పావు సెమీటోన్‌కు (సెమీటోన్ అంటే అరస్వరం) కాస్త తక్కువగా పైకి జరుగుతాయి. ఒక్క సన్నివేశం పోకుండా నిమిషం తగ్గిందంటే కారణం ఇదే కావచ్చు. రెండు ప్రతుల నిడివిని భాగించి చూస్తే 0.96 వచ్చిందా, అది కోత కాదు, పాల్ వేగం. వీడియో టేప్ మీద తీసిన సిరీస్‌లకు ఈ లెక్క వర్తించదు. వాటిని మార్చేటప్పుడు వేగం నిలుస్తుంది, కదలిక అలుక్కుపోతుంది.

ఫ్రేమ్ సంగతికొస్తే, పాత టీవీ తెర వెడల్పు ఎత్తులు 4:3, ఇప్పటివి 16:9. పక్కల నల్లపట్టీలు ఇష్టపడని ప్రేక్షకుల కోసం బొమ్మను అడ్డంగా నింపేస్తే పైనా కిందా కలిపి సరిగ్గా నాలుగో వంతు పోతుంది. సాగదీస్తే మనుషులు మూడో వంతు లావెక్కుతారు. రెండోది ఎవరికైనా కనిపిస్తుంది, మొదటిది కనిపించదు, అసలు ప్రమాదం దానితోనే. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు యానిమేషన్ సిట్‌కామ్ 'ది సింప్సన్స్' తొలి సీజన్లను ఇలాగే నింపి పెట్టారు. బీరు ఫ్యాక్టరీలో మూడు వేర్వేరు పేర్ల బీరు పీపాలు ఉంటాయి, మూడింటికీ పైన ఒకే గొట్టం నుంచి సరఫరా. జోకంతా ఆ గొట్టమే. కత్తిరించిన ఫ్రేమ్‌లో గొట్టం తెర పైకి వెళ్ళిపోయి మూడు పీపాలు మిగిలాయి. గొడవ జరిగాక 2020 మేలో అసలు 4:3 రూపం ఎంచుకునే వీలు కల్పించారు.

ఫిల్మ్ మీద తీసినవాటిని పెద్ద తెర కోసం మళ్ళీ స్కాన్ చేసినప్పుడు ఇంకో విచిత్రం చోటుచేసుకుంటుంది. నెగటివ్‌లో పక్కలకు కాస్త బొమ్మ ఎక్కువ ఉంటే దాన్ని వాడేస్తారు. అప్పుడు సెట్ గోడ అంచు, పైనుంచి వేలాడే మైకు, సన్నివేశంలోకి రాకముందే కాచుకుని నిలబడిన నటుడు బయటపడతారు. పాత గొట్టం టీవీలు ఎలాగూ అంచులను దాచేసేవి. అందుకే ఫ్రేమ్‌లో 90 శాతం లోపలే ముఖ్యమైన చర్య, 80 శాతం లోపలే అక్షరాలు ఉండాలన్నది అప్పటి నియమం. మైకు కనిపించిందని అప్పటి దర్శకుణ్ణి ఎగతాళి చేయడం అన్యాయం. ఆయన ప్రేక్షకుడికి అది కనిపించలేదు.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. టీవీ సెట్టింగుల్లో బొమ్మ పరిమాణాన్ని "అసలు" లేదా 4:3కు మార్చి, కదలికను నునుపు చేసే సౌకర్యాన్ని ఆపేయాలి. అది ఫిల్మ్ మీద తీసిన పాత సిరీస్‌ను నిన్న మొన్న వీడియోలో తీసినట్టు చేసేస్తుంది.

ఫిల్మా, టేపా

ఒక సిరీస్ ఎందుకు మెరుగుపడింది, ఇంకోటి ఎందుకు పడలేదు అనే ప్రశ్నకు జవాబు ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది. 1971 జనవరి 12న మొదలైన 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' వీడియో టేప్ మీద, ప్రేక్షకుల ఎదుట రికార్డయింది. బొమ్మను 525 అడ్డగీతలుగా రాసే ఆ టేప్‌లో ఉన్నదే ఉన్నది, ఎంత తోమినా హై డెఫినిషన్ రాదు. దానికంటే 20 ఏళ్ళు పెద్దదైన లూసీ మాత్రం 35 ఎంఎం నెగటివ్ వల్ల అద్దంలా కనిపిస్తుంది. కాలక్రమం చూసి నాణ్యత అంచనా వేయకూడదు.

1980ల చివరి నుంచి వచ్చిన చాలా సిరీస్‌లు మధ్యలో చిక్కుకున్నాయి. చిత్రీకరణ ఫిల్మ్ మీద, ఎడిటింగ్ టేప్ మీద. పూర్తయిన ఎపిసోడ్ టేప్ నాణ్యతలోనే ఉంటుంది. హై డెఫినిషన్ కావాలంటే నెగటివ్ డబ్బాలు వెతికి, ప్రతి షాటూ స్కాన్ చేసి, ఎపిసోడ్‌ను మొదటి నుంచి మళ్ళీ కూర్చాలి. ఎక్కడో ఒక షాట్ దొరకదు, అప్పుడు నటుడి కనుబొమ్మ వేరే క్షణంలో పైకి లేచిన ఇంకో టేక్ పెడతారు. ఏళ్ళ తరబడి చూసినవాళ్ళు "ఇది ఇలా లేదే" అన్నప్పుడు అది జ్ఞాపకం చేసిన మోసం కాకపోవచ్చు.

టేప్ సిరీస్‌లలో సెకనుకు దాదాపు 60 అర్ధచిత్రాలు (గీతల్లో సగమే ఉండే బొమ్మలు) ఉంటాయి. చాలా స్ట్రీమింగ్ ప్రతుల్లో వాటిని 30 పూర్తి ఫ్రేములుగా కుదిస్తారు. కదలికలో సగం సమాచారం పోయి, వేదిక మీద నాటకం చూస్తున్నట్టుండే సజీవత్వం చచ్చిపోతుంది. చేతులు విసిరేచోట దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తే ఆ మార్పిడి కూడా సరిగా జరగలేదని అర్థం.

ఆ నవ్వులు ఎవరివి

ఏ చర్చయినా చివరికి నవ్వుల దగ్గరికే వస్తుంది, అదీ "అన్నీ డబ్బా నవ్వులే" అనే ఒక్క మాటతో. ఇందులో కనీసం మూడు రకాలను విడదీసి చూడాలి.

మొదటిది నిజంగా స్టూడియోలో కూర్చున్న రెండు మూడు వందల మంది నవ్వు. అనేక కెమెరాల సిట్‌కామ్‌లో సోఫా ఎప్పుడూ మనకు ఎదురుగానే ఉండటం, భోజనాల బల్లకు ఒక వైపు ఎవరూ కూర్చోకపోవడం, మెట్లు వెనక గోడకు ఉండటం వాళ్ళ కోసమే. నాలుగో గోడ స్థానంలో వాళ్ళున్నారు. ఈ పద్ధతిలో నటుడు నవ్వు కోసం ఆగుతాడు. నవ్వు అనుకున్నదానికంటే పెరిగితే గ్లాసు ఎత్తుతాడు, కుర్చీ సర్దుతాడు, కళ్ళు చికిలిస్తాడు. ఆ నింపుడు పనులు లిఖిత సంభాషణలో ఉండవు. అవి కనిపించాయంటే ఆ నవ్వు గదిలోనే పుట్టింది.

రెండోది పూర్తిగా అతికించినది. సీబీఎస్ సౌండ్ ఇంజినీరు చార్లీ డగ్లస్ 1950ల మొదట్లో తయారుచేసిన పెట్టెలో రకరకాల నవ్వుల టేపు చుట్టలుండేవి. మీటలు నొక్కి కిసుక్కు, పకపక, ఒక ఆడమనిషి విరగబడి నవ్వడం, అన్నీ కావలసిన పాళ్ళలో కలిపేవారు. పెట్టెను ఆయన తాళం వేసి ఉంచేవాడు. ఒకే కెమెరాతో, ప్రేక్షకులు లేకుండా తీసిన 'బ్రేడీ బంచ్' లాంటివాటిలో వినిపించేది ఇదే. ఇక్కడ నటులు ఆగరు. ఎడిటర్ వదిలిన సందు ఎంతో నవ్వూ అంతే ఉంటుంది, తరవాతి మాటకు ముందు బుద్ధిగా తప్పుకుంటుంది. ఒకే నవ్వు రెండు ఎపిసోడ్లలో, ఒక్కోసారి రెండు వేర్వేరు సిరీస్‌లలో వినిపించడం దీని గుర్తు.

మూడోది ఈ రెంటి కలగలుపు, ఎక్కువ గందరగోళం ఇక్కడే. అసలు నవ్వు ఉంటుంది, కానీ రెండు టేక్‌లు అతికినచోట, మళ్ళీ తీసిన షాట్ దగ్గర, ప్రేక్షకులు చప్పబడిన జోకు కింద కొంచెం పెట్టె నవ్వు పోస్తారు. పరిశ్రమలో దీన్ని తీపి చేయడం అంటారు. "ప్రేక్షకుల ఎదుట చిత్రీకరించాం" అన్న ప్రకటన నిజమే, విన్న ప్రతి నవ్వూ ఆ ప్రేక్షకులదే అన్న అర్థం మాత్రం అందులో లేదు. నాలుగో ఏర్పాటు ఒకటి 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' చివరి కాలంలో కనిపిస్తుంది. ప్రేక్షకులు లేకుండా రికార్డు చేసి, పూర్తయిన ఎపిసోడ్‌ను స్టూడియో ప్రేక్షకులకు వేసి చూపించి వాళ్ళ స్పందనను పట్టేవారు. నవ్వు నిజం, కానీ నటుడికి అది వినపడలేదు. ఆ ఎపిసోడ్లలో లయ తేడాగా ఉందని అనిపించేవారి చెవి సరైనదే.

రెండు పద్ధతులనూ ఒకే సిరీస్‌లో పక్కపక్కన వినాలంటే 'హ్యాపీ డేస్' మంచి నమూనా. 1974లో మొదలైన ఈ సిరీస్ మొదటి రెండు సీజన్లు ఒకే కెమెరాతో, అతికించిన నవ్వులతో నడిచాయి. మూడో సీజన్ నుంచి ప్రేక్షకుల ఎదుట మూడు కెమెరాలు. అవే పాత్రలు, దాదాపు అవే ఇళ్ళు. కానీ రెండో సీజన్ దాకా మెల్లగా మాట్లాడుకున్న కుటుంబం మూడో సీజన్‌లో గొంతు పెంచుతుంది, ఒక్కొక్కరు తలుపు తీసుకుని రాగానే చప్పట్లు పడతాయి, రచయితలు ఆ ప్రవేశాల చుట్టూ కథ అల్లడం మొదలుపెడతారు. "సిరీస్ చెడిపోయింది" అనేవారు సాధారణంగా పాత్రలను తప్పుబడతారు. మారింది గదిలోని జనం. కుటుంబ సిట్‌కామ్ కాకపోయినా 'మాష్' డీవీడీల్లో నవ్వుల ట్రాక్‌ను ఆపుకునే వీలుంది. ఒకే సన్నివేశాన్ని రెండు విధాలా వింటే అతికించిన నవ్వు ఎంత చేటో, ఎంత మేలో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

పాటలు, వరస, మాయమైన బిడ్డలు

పాటల హక్కులు అప్పట్లో ప్రసారం కోసమే, పరిమిత కాలానికే కొనేవారు. ఇంట్లో పెట్టుకుని చూసే డిస్కులు వస్తాయని 1970ల, 80ల ఒప్పందాలు ఊహించలేదు. అందుకే 'మ్యారీడ్ విత్ చిల్డ్రన్' డీవీడీలలో మూడో సీజన్ నుంచి గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాడిన టైటిల్ పాట పోయి ఊరూ పేరూ లేని వాద్య సంగీతం వచ్చింది. ఆ పాట మొగుడూ పెళ్ళాల బంధాన్ని ఆకాశానికెత్తుతుంటే తెర మీద ఆ కుటుంబం తండ్రి దగ్గర డబ్బు గుంజుకోవడమే టైటిల్స్‌లోని హాస్యం. 1988–93 మధ్య నడిచిన 'ది వండర్ ఇయర్స్' పాటల హక్కుల చిక్కు వల్ల పూర్తి డీవీడీగా రావడానికి 2014 దాకా పట్టింది.

వరస విషయంలో, ప్రసార క్రమానికీ చిత్రీకరణ క్రమానికీ పొంతన ఉండకపోవడం మామూలే. 'ఐ లవ్ లూసీ'లో మొదట చిత్రీకరించిన ఎపిసోడ్ నాలుగోదిగా ప్రసారమైంది. పిల్లవాడి పన్ను ఊడి, తరవాతి వారం మళ్ళీ వచ్చి, ఆ పై వారం ఊడితే కంగారుపడక్కర్లేదు. ఆఖరి పేర్ల పట్టీలో నిర్మాణ సంఖ్య ఉంటే దాని ప్రకారం పేర్చుకోవచ్చు, రోమన్ అంకెల్లో ఉండే కాపీరైట్ సంవత్సరం కూడా దారి చూపుతుంది. అయితే మొదటిసారి చూసేవారికి ప్రసార క్రమమే మేలు. ఎలాగూ ఈ సిరీస్‌లలో వారం వారం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది.

ఎపిసోడ్లు లెక్కపెట్టుకోవడం కూడా అవసరమే. 'బివిచ్డ్' 254 ఎపిసోడ్లలో మొదటి రెండు సీజన్ల 74 నలుపు తెలుపు. రంగుల టీవీ రోజుల్లో స్టేషన్లు వాటిని తరచు పక్కన పెట్టేశాయి, తరవాత రంగు పూసి తెచ్చారు. ఆ సిరీస్‌లోనే 1969లో భర్త పాత్రధారి డిక్ యార్క్ వైదొలగి డిక్ సార్జెంట్ వచ్చాడు, ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. 'హ్యాపీ డేస్' పెద్దకొడుకు చక్, 'ఫ్యామిలీ మ్యాటర్స్' చిన్నకూతురు జూడీ ఏ వీడ్కోలూ లేకుండా మాయమయ్యారు. దీన్ని కథలో రంధ్రంగా తవ్వేకొద్దీ ఏమీ దొరకదు. వారంలో ఒక పాత్రకు రెండు వాక్యాలు కూడా రాయలేకపోతున్నప్పుడు ఆ జీతం దండగని నిర్మాత అనుకుంటాడు, రచయితలు ఊరుకుంటారు.

వాదించుకునేటప్పుడు

అందరి చేతిలో వేర్వేరు ప్రతులు ఉన్నప్పుడు "14వ నిమిషం 20వ సెకను దగ్గర" అనడం పనికిరాదు. ఒకరికి అక్కడ వంటిల్లు, ఇంకొకరికి ప్రకటనల విరామం. ఎపిసోడ్ పేరు, ఎన్నో అంకం, ఎవరు తలుపు తీసుకుని వచ్చాక అనే ఆనవాలు, సంభాషణలో నాలుగు మాటలు చెబితే ఎవరైనా పట్టుకోగలరు. తమ ప్రతి ఎక్కడిది, నిడివి ఎంత, ఫ్రేమ్ ఏది అన్నది మొదటి వాక్యంలోనే చెప్పేస్తే తగువులు సగం తగ్గుతాయి.

విలువల చర్చకు తేదీ తప్పనిసరి, సంవత్సరం ఒక్కటే చాలదు. 'మాడ్' సిరీస్‌లో నడివయసు గృహిణి గర్భస్రావం గురించి తేల్చుకునే రెండు భాగాల ఎపిసోడ్ 1972 నవంబరులో వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కును గుర్తించిన సుప్రీంకోర్టు తీర్పు 1973 జనవరిలో. కానీ కథ జరిగే న్యూయార్క్ రాష్ట్రంలో అది 1970 నుంచే చట్టబద్ధం. ఈ మూడు తేదీలు పక్కన పెట్టుకోకపోతే పాత్ర చట్టాన్ని ధిక్కరిస్తోందనో, అందరికీ ఉన్న హక్కు మీద అనవసరంగా తటపటాయిస్తోందనో పొరబడతారు. అలాగే 1952–53లో లూసీ కడుపుతో ఉన్న ఎపిసోడ్లలో "గర్భవతి" అనే మాట ఇంగ్లీషులో ఒక్కసారీ వినిపించదు, సీబీఎస్ ఒప్పుకోలేదు. 'లీవ్ ఇట్ టు బీవర్' 1957లో మరుగుదొడ్డిని చూపించడానికి అనుమతి సంపాదించి, చివరికి నీళ్ళ ట్యాంకు వరకే చూపించగలిగింది. ఆ ట్యాంకులో పిల్లలు మొసలి పిల్లను దాచుకుంటారు. ఫ్రేమ్ కిందివైపు ఎందుకు అంత మొండిగా ఆగిపోయిందో ఈ సంగతి తెలియకుండా చూసేవాళ్ళు, అక్కడ కూడా ఎవరో బొమ్మను కత్తిరించారనే అనుకుంటారు.